ఇంటి రెనోవేషన్‌లో వైర్డ్ స్మార్ట్ హోమ్: తరచుగా అడిగే ప్రశ్నలు

స్విచ్‌లు, కంట్రోలర్లు, సాఫ్ట్‌వేర్ ఎప్పుడైనా మార్చుకోవచ్చు. గోడలోని కేబుల్, పైపు, బాక్స్ మాత్రం ప్లాస్టరింగ్ అయ్యాక మార్చలేం. అందుకే కింది జవాబుల్లో ఎక్కువ భాగం గోడ మూయకముందు చేయాల్సిన పని గురించే. మెయిన్స్ కరెంటు పని ఏదైనా అర్హత ఉన్న ఎలక్ట్రీషియన్‌తోనే, మీ ప్రాంతపు విద్యుత్ నియమాల ప్రకారమే చేయించండి.

వైఫై స్విచ్‌లు దొరుకుతుండగా వైర్లు లాగడం అవసరమా?

గోడలు ముట్టుకోని ఇంట్లో అవసరం లేదు. ఎలాగూ గాడులు కొడుతున్నారు, ఫాల్స్ సీలింగ్ విప్పుతున్నారు అంటే మాత్రం వైరే వేయించండి. వైర్డ్ సెన్సర్‌కి బ్యాటరీ మార్చే పని ఉండదు. కాంక్రీటు గోడ అడ్డమొచ్చి సిగ్నల్ పోవడం ఉండదు. రూటర్ మార్చినా, ఇంటర్నెట్ పోయినా స్విచ్ నొక్కితే లైటు వెలుగుతుంది. కేఎన్ఎక్స్ (KNX: ఇంటి పరికరాలు ఒకే కేబుల్ మీద సందేశాలు పంపుకునే పద్ధతి) లాంటి బహిరంగ ప్రమాణం ఎంచుకుంటే ఒక కంపెనీ స్విచ్‌కి ఇంకో కంపెనీ యాక్చుయేటర్ (లైటుకి, మోటారుకి కరెంటు ఇచ్చే, ఆపే పరికరం) పనిచేస్తుంది కాబట్టి పదిహేనేళ్ల తర్వాత ఒక పరికరం పాడైనా ప్రత్యామ్నాయం దొరుకుతుంది.

మామూలు వైరింగ్‌కీ దీనికీ అసలు తేడా ఏమిటి?

మామూలు వైరింగ్‌లో ఫేజ్ వైరు స్విచ్‌కి వెళ్లి, అక్కణ్నుంచి లైటుకి వెళ్తుంది. ఇక్కడ ప్రతి లైటు సర్క్యూట్ కేబులూ నేరుగా ప్యానెల్‌కి (బ్రేకర్లు, యాక్చుయేటర్లు ఉండే పెట్టెకి) వస్తుంది. అక్కడి యాక్చుయేటర్‌లోని రిలే (సందేశం రాగానే తనంతట తానే పనిచేసే స్విచ్) దాన్ని వెలిగిస్తుంది, ఆర్పుతుంది. గోడ మీది స్విచ్‌కి వెళ్లేది సన్నటి బస్సు కేబుల్ (పరికరాలన్నీ సందేశాలు పంపుకునే ఉమ్మడి కేబుల్) మాత్రమే. ఏ బటన్ ఏ లైటుని వెలిగించాలన్నది ప్రోగ్రామింగ్‌లో నిర్ణయమవుతుంది. మెట్ల దగ్గర టూ వే, త్రీ వే స్విచ్‌ల కోసం అదనపు వైర్లు లాగాల్సిన పని పోతుంది. బదులుగా ప్యానెల్‌కి చేరే కేబుళ్లు బాగా పెరుగుతాయి, ప్యానెల్ పెద్దదవుతుంది. ఈ రెండింటికీ మొదటి రోజే చోటు చూసుకోవాలి.

ఏ క్రమంలో పని జరగాలి?

ఫర్నిచర్ ఎక్కడ వస్తుందో తేలాకే స్విచ్‌లు ఎక్కడో తేల్చండి. తలుపు ఎటు తెరుచుకుంటుందో చూడకుండా స్విచ్ గుర్తు పెట్టేయడం, అది తలుపు వెనక్కి పోవడం చాలా ఇళ్లలో కనిపించే పొరపాటు. ఆ తర్వాత గదివారీగా జాబితా రాయాలి: ఎన్ని లైటు సర్క్యూట్లు, వాటిలో డిమ్ అవ్వాల్సినవి ఏవి, మోటారు కర్టెన్లు ఎన్ని, ఏ కిటికీకి సెన్సర్, ఏ గోడకి టీవీ. ఈ జాబితా నుంచే కేబుళ్ల లెక్క, ప్యానెల్ సైజు వస్తాయి.

తర్వాత గాడులు, పైపులు, బాక్సులు, కేబుళ్లు, లేబుళ్లు, పరీక్షలు, ఫోటోలు. అన్నీ అయ్యాకే ప్లాస్టరింగ్. ప్యానెల్ లోపలి పరికరాలు, స్విచ్‌లు రంగులు పూర్తయ్యాకే బిగించండి. గోడలు రుద్దేటప్పుడు లేచే దుమ్ము రిలేలకీ సెన్సర్లకీ మంచిది కాదు.

ఏ చోటికి ఏ కేబుల్ వేయాలి?

మామూలు లైటు సర్క్యూట్‌కి 1.5 చదరపు మి.మీ. మూడు కోర్ల కేబుల్. డాలీ (DALI: లైట్లను రెండు వైర్ల మీద సందేశాలతో డిమ్ చేసే పద్ధతి) లైట్లకి అదే మందం, ఐదు కోర్లు. మోటారు కర్టెన్, షట్టర్‌కి నాలుగు కోర్లు: పైకి, కిందికి, న్యూట్రల్, ఎర్త్. ప్రతి స్విచ్ చోటికీ, థర్మోస్టాట్‌కీ, సీలింగ్‌లోని ప్రెజెన్స్ సెన్సర్‌కీ (కదలకపోయినా గదిలో మనిషి ఉన్నట్టు పట్టేది) కేఎన్ఎక్స్ ఆకుపచ్చ కేబుల్. అందులో 0.8 మి.మీ. వ్యాసమున్న వైర్లు రెండు జతలుంటాయి. ఎరుపు, నలుపు బస్సుకి. పసుపు, తెలుపు జత ఖాళీగా ఉంటుంది, దాన్ని అలాగే ఉంచండి. కిటికీ, తలుపు కాంటాక్టులకి (తెరిచి ఉందో మూసి ఉందో చెప్పే సెన్సర్లకి) రెండు కోర్లు చాలు గానీ నాలుగు కోర్ల అలారం కేబుల్ వేయించండి. ఒక కోరు తెగినా పని ఆగదు.

నెట్‌వర్క్‌కి క్యాట్ 6 కేబుల్ సరిపోతుంది. 10 గిగాబిట్ వేగం దానిలో సుమారు 55 మీటర్ల దాకానే, క్యాట్ 6ఏలో 100 మీటర్లు. టీవీ గోడకి రెండు, సీలింగ్‌లో వైఫై యాక్సెస్ పాయింట్ చోటుకి ఒకటి, కెమెరా చోటుకి ఒకటి, డోర్‌బెల్‌కి ఒకటి తప్పనిసరి. కొనేటప్పుడు పూర్తి రాగి కేబులేనా అని చూడండి. రాగి పూత పూసిన అల్యూమినియం కేబుల్‌లో నిరోధం ఎక్కువ. దాని మీద పీఓఈ (నెట్‌వర్క్ కేబుల్‌లోంచే పరికరానికి కరెంటు ఇవ్వడం) పెడితే కేబుల్ వేడెక్కుతుంది, దూరంగా ఉన్న కెమెరాకి వోల్టేజి చాలదు.

కేఎన్ఎక్స్ బస్సు వేసేటప్పుడు పాటించాల్సిన కొలతలు ఏమిటి?

ఒక లైన్‌లో (ఒక పవర్ సప్లై మీద నడిచే బస్సు భాగంలో) మొత్తం కేబుల్ పొడవు 1000 మీటర్లు దాటకూడదు. పవర్ సప్లై నుంచి ఏ పరికరమైనా 350 మీటర్లలోపు, ఏ రెండు పరికరాల మధ్య దూరమైనా 700 మీటర్లలోపు ఉండాలి. ఇంట్లో ఈ హద్దుల దాకా రావడం అరుదు. కేబుల్‌ని చెట్టు కొమ్మల్లా, వరుసగా, నక్షత్రంలా ఎలాగైనా విడదీయొచ్చు. చుట్టూ తిప్పి మొదటి చోటే కలిపి రింగు మాత్రం చేయకూడదు. లైన్‌కి 64 పరికరాలన్నది పాత లెక్క. కొత్త పరికరాలతో 256 దాకా వెళ్లొచ్చు.

పవర్ సప్లై సైజుకి ఒక లెక్క: 22 స్విచ్‌లు, 8 సెన్సర్లు, 8 యాక్చుయేటర్లు కలిపితే 38 పరికరాలు. ఒక్కోటి సుమారు 10 మిల్లీఆంపియర్లు అనుకుంటే 380. 320 మిల్లీఆంపియర్లది చాలదు, 640ది తీసుకోవాలి. డిస్‌ప్లే ఉన్న స్విచ్‌లు ఇంకా ఎక్కువ తీసుకుంటాయి. వాటి డేటాషీట్ చూసి కలపండి.

కేఎన్ఎక్స్‌కి మామూలు 24 వోల్టుల పవర్ సప్లై ఎందుకు పనికిరాదు?

బస్సు మీద సుమారు 30 వోల్టుల డీసీ ఉంటుంది. పరికరాల సందేశాలు ఆ డీసీ పైనే చిన్న పల్సులుగా ప్రయాణిస్తాయి. మామూలు పవర్ సప్లై వోల్టేజిని నిలకడగా ఉంచాలని చూస్తుంది కాబట్టి ఆ పల్సులను మింగేస్తుంది. కేఎన్ఎక్స్ పవర్ సప్లై లోపల చోక్ కాయిల్ ఉంటుంది, అది పల్సులను కాపాడుతుంది. తప్పుడు సప్లై పెట్టిన ఇంట్లో పరికరాల్లోని ఎల్ఈడీలు వెలుగుతాయి, మీటర్‌లో వోల్టేజి కనిపిస్తుంది, కానీ ఒక్క సందేశం కూడా చేరదు. తప్పు ఎక్కడుందో తేల్చడానికి రోజులు పడుతుంది.

డాలీ ఎప్పుడు మంచిది?

ఒకే గదిలో చాలా లైట్లు విడివిడిగా డిమ్ అవ్వాలన్నప్పుడు. ఐదు కోర్ల కేబుల్ ఒకటి లైటు నుంచి లైటుకి వెళ్తుంది: ఫేజ్, న్యూట్రల్, ఎర్త్, రెండు డాలీ వైర్లు. ప్రతి లైటుకీ ప్యానెల్ నుంచి కేబుల్ లాగే పని తప్పుతుంది. హాలు, వంటగదుల్లో మా సలహా ఇదే.

ఒక డాలీ లైన్‌లో 64 డ్రైవర్లు (ఎల్ఈడీకి తగిన కరెంటు ఇచ్చే పరికరాలు), 16 గ్రూపులు, 16 సీన్లు (ముందే అమర్చిన వెలుగు స్థాయిలు). కరెంటు 250 మిల్లీఆంపియర్లు మించకూడదు. 1.5 చదరపు మి.మీ. వైరుతో పొడవు 300 మీటర్ల దాకా వెళ్లొచ్చు. డాలీ వైర్లకి ప్లస్, మైనస్ పట్టింపు లేదు. కానీ ఒక హెచ్చరిక: ఆ వైర్లలో వోల్టేజి తక్కువే అయినా వాటిని మెయిన్స్ వైర్లుగానే చూడాలి. మెయిన్స్ నుంచి వాటికి ఉన్న ఇన్సులేషన్ చేత్తో తాకదగ్గ స్థాయిది కాదు. డాలీ వైర్లను కేఎన్ఎక్స్ బస్సుతో ఒకే బాక్స్‌లో విప్పి పెట్టకండి.

ఎల్ఈడీ స్ట్రిప్ ఒక చివర మసకగా ఎందుకు ఉంటుంది?

వోల్టేజి పడిపోవడం వల్ల. 24 వోల్టుల దగ్గర 96 వాట్ల స్ట్రిప్ 4 ఆంపియర్లు తీసుకుంటుంది. డ్రైవర్ 15 మీటర్ల దూరంలో ఉండి, వైరు 1.5 చదరపు మి.మీ. అయితే రానూపోనూ 30 మీటర్లలో దాదాపు 1.45 వోల్టులు పోతాయి, అంటే 6 శాతం. 2.5 చదరపు మి.మీ. వైరు వేస్తే అది 0.9 వోల్టులకి తగ్గుతుంది. 12 వోల్టుల స్ట్రిప్ అయితే అదే వెలుగుకి కరెంటు రెట్టింపు, నష్టం శాతంలో నాలుగు రెట్లు. అందుకే పొడవైన స్ట్రిప్‌లకి 12 వోల్టులవి తీసుకోకండి.

ఇది కేబుల్‌లో జరిగే నష్టం. స్ట్రిప్ లోపలి సన్నటి రాగి పట్టీలోనూ నష్టం ఉంటుంది. తయారీదారు ఇచ్చిన గరిష్ఠ పొడవు దాటితే రెండు చివర్ల నుంచీ కరెంటు ఇవ్వాలి, దానికి రెండో చివరకి కూడా కేబుల్ ముందే వేసి ఉండాలి. డ్రైవర్‌కి 20 శాతం అదనపు సామర్థ్యం పెట్టండి: 96 వాట్లకి 120 వాట్లది. దాన్ని ఫాల్స్ సీలింగ్ పైన తలుపు లేని చోట పెట్టి మూసేయకండి. ఈ వ్యవస్థలో ముందుగా పాడయ్యే భాగాల్లో డ్రైవర్ ఒకటి, చేయి వెళ్లే చోటే ఉండాలి.

ప్యానెల్ ఎంత పెద్దది కావాలి?

అనుకున్నదానికన్నా పెద్దదే. 24 లైటు సర్క్యూట్లు, 8 షట్టర్లు ఉన్న ఇంటిని చూద్దాం. ఎనిమిది చానళ్ల (ఎనిమిది సర్క్యూట్లను విడివిడిగా నడిపే) యాక్చుయేటర్ సాధారణంగా 8 మాడ్యూళ్ల వెడల్పు; మాడ్యూల్ అంటే ప్యానెల్‌లో సుమారు 18 మి.మీ. చోటు. లైట్లకి మూడు అంటే 24, షట్టర్లకి 8. పవర్ సప్లై 4, డాలీ గేట్‌వే (కేఎన్ఎక్స్‌ని డాలీతో కలిపేది) 4, ప్రోగ్రామింగ్ ఇంటర్‌ఫేస్ 2. ఎంసీబీలు (కరెంటు మితిమీరితే ఆపే బ్రేకర్లు) 16, ఆర్‌సీసీబీలు (కరెంటు లీకైతే ఆపేవి) మూడు కాబట్టి 6. మొత్తం 64.

చాలామంది ఇక్కడితో ఆగి, టెర్మినళ్లను (గోడలోంచి వచ్చిన వైర్లను బిగించే కనెక్టర్లను) మరిచిపోతారు. లైటు సర్క్యూట్‌కి మూడు, షట్టర్‌కి నాలుగు చొప్పున 104 టెర్మినళ్లు. ఒక్కోటి సుమారు 5.2 మి.మీ. కాబట్టి 54 సెంటీమీటర్లు, అంటే ఇంకో 30 మాడ్యూళ్లు. 94కి 30 శాతం ఖాళీ కలిపితే 122. 24 మాడ్యూళ్ల వరుసలు ఐదైతే 120, ఇరుకు. ఆరు వరుసల ప్యానెల్ తీసుకోండి. టెర్మినళ్లు వద్దని కేబుళ్లను నేరుగా యాక్చుయేటర్లకి బిగిస్తే ఒక యాక్చుయేటర్ మార్చడానికి గోడలోంచి వచ్చిన గట్టి వైర్లన్నీ వంచాల్సి వస్తుంది. కొన్నేళ్లకి అవి విరుగుతాయి.

వేడి పుట్టించే డిమ్మర్లు, పవర్ సప్లైలు పై వరుసల్లో పెట్టి మధ్య ఖాళీ వదలండి. ప్యానెల్‌ని పడకగది గోడకి పెట్టకండి, రిలేలు క్లిక్‌మనే చప్పుడు రాత్రిపూట స్పష్టంగా వినిపిస్తుంది. నెట్‌వర్క్ పరికరాలకి పక్కనే వేరే ర్యాక్ ఉండాలి.

పైపులు ఎంత సైజు? గాడులు ఎంత లోతు?

పైపు లోపలి చోటులో 40 శాతమే కేబుళ్లతో నిండాలి. ఆ లెక్కన 25 మి.మీ. పైపులో క్యాట్ 6 కేబుళ్లు నాలుగు, 20 మి.మీ. పైపులో రెండు. ఒక పైపులో 90 డిగ్రీల వంపులు రెండు మించితే మధ్యలో లాగే బాక్స్ పెట్టాలి. క్యాట్ కేబుల్‌ని బలంగా లాగకూడదు, హద్దు 110 న్యూటన్లు, అంటే సుమారు 11 కిలోల బరువు. వంపు వ్యాసార్ధం కేబుల్ మందానికి కనీసం నాలుగు రెట్లు.

నిలువు గాడి గోడ మందంలో మూడో వంతు, అడ్డ గాడి ఆరో వంతు మించకూడదన్నది వాడుకలో ఉన్న హద్దు. ఒకే చోట గోడకి రెండు వైపులా గాడులు కొట్టకండి. స్తంభం, బీమ్, స్లాబ్ జోలికి స్ట్రక్చరల్ ఇంజినీర్ అనుమతి లేకుండా వెళ్లొద్దు.

డబ్బు ఆదా చేయాలనిపిస్తే పరికరాల్లో చేయండి, పైపుల్లో చేయకండి. టీవీ గోడకి, చదువు బల్ల చోటుకి, గేటుకి, పై అంతస్తుకి ఖాళీ పైపు ఒక్కోటి వేసి అందులో నైలాన్ తాడు వదలండి. రెండు చివర్లూ టేపుతో మూయకపోతే సిమెంటు పాలు లోపలికి దిగి గట్టిపడతాయి, ఆ పైపు ఉన్నా లేనట్టే.

బస్సు కేబుల్, కరెంటు కేబుల్ ఒకే గాడిలో వేయొచ్చా?

కేఎన్ఎక్స్ ముద్ర ఉన్న కేబుల్‌ని 4000 వోల్టులతో పరీక్షిస్తారు కాబట్టి, పై తొడుగు ఉన్న మెయిన్స్ కేబుల్ పక్కనే వేయొచ్చు. తొడుగు తీసి వైర్లు విడదీసిన చోట ఈ రక్షణ పోతుంది. అక్కడ బాక్స్‌లో మధ్య గోడ ఉండాలి, లేదా వేర్వేరు బాక్సులు పెట్టాలి. క్యాట్ కేబుళ్లకి వేరే పైపు. కరెంటు కేబుల్‌ని దాటాల్సి వస్తే అడ్డంగా, 90 డిగ్రీల్లో దాటించండి.

ఆర్‌సీసీబీ ఊరికే పడిపోతోంది. ఎందుకు?

రెండు ఆర్‌సీసీబీల న్యూట్రళ్లు ఎక్కడో కలిసిపోయాయి. ఒక ఆర్‌సీసీబీ నుంచి వెళ్లిన ఫేజ్ కరెంటు ఇంకోదాని న్యూట్రల్ ద్వారా తిరిగొస్తే రెండూ దాన్ని లీకేజిగానే చూస్తాయి. అన్ని కేబుళ్లూ ప్యానెల్‌కి వచ్చే ఇంట్లో ఈ తప్పు తేలిగ్గా జరుగుతుంది. ప్రతి ఆర్‌సీసీబీకీ విడి న్యూట్రల్ బార్ పెట్టి, సర్క్యూట్ నంబరుతో లేబుల్ వేయాలి. కొన్నిసార్లు కారణం వేరు: ఒకే ఆర్‌సీసీబీ కింద డ్రైవర్లు, మోటార్లు మరీ ఎక్కువై వాటి చిన్న చిన్న లీకేజిలన్నీ కలుస్తాయి. అప్పుడు సర్క్యూట్లను పంచాలి.

ఎల్ఈడీ లైట్లు ఆరట్లేదు, రిలే ఇరుక్కుపోయింది. తప్పు ఎక్కడ?

ఎల్ఈడీ డ్రైవర్‌లో కెపాసిటర్ ఉంటుంది. వెలిగించిన క్షణంలో అది మామూలు కరెంటుకి ఎన్నో రెట్లు లాగుతుంది, చాలా కొద్దిసేపే అయినా. ఒకే చానల్‌పై పదిహేను డ్రైవర్లుంటే ఆ దెబ్బకి రిలే కాంటాక్టులు అతుక్కుపోతాయి. యాక్చుయేటర్ మీద 16 ఆంపియర్లు అని ఉండడం చాలదు. కెపాసిటివ్ లోడ్‌కి ఎన్ని మైక్రోఫారడ్లు తట్టుకుంటుందో డేటాషీట్‌లో చూడండి. 140, 200 లాంటి అంకెలున్నవి మంచివి. డ్రైవర్ డేటాషీట్‌లో కూడా ఒక ఎంసీబీ మీద ఎన్ని డ్రైవర్లు పెట్టొచ్చో ఉంటుంది.

రిలే బాగానే ఉండి, ఆర్పాక లైటు సన్నగా మినుకుతుంటే పొడవాటి కేబుల్‌లో పక్క వైరు నుంచి చేరే కొద్దిపాటి కరెంటు కారణం కావచ్చు. లైటు దగ్గర బైపాస్ పరికరం పెడితే సాధారణంగా పోతుంది.

రెండు కర్టెన్ మోటార్లను ఒకే చానల్‌కి కలపొచ్చా?

మామూలు ఏసీ ట్యూబ్ మోటార్లను సమాంతరంగా కలపకండి. ఒక మోటారు చివరకి చేరి ఆగినప్పుడు రెండోదాని కాయిల్ ద్వారా దానికి వెనక్కి వోల్టేజి వస్తుంది, అది ఎదురు దిశలో తిరగాలని చూస్తుంది. లిమిట్ స్విచ్‌లు (చివరకి చేరగానే మోటారుని ఆపేవి) కాలిపోతాయి. ఒక్కో మోటారుకి ఒక్కో చానల్ ఇచ్చి, ప్రోగ్రామింగ్‌లో కలిపి నడపండి. దిశ మార్చేటప్పుడు కనీసం అర సెకను విరామం పెట్టండి.

సెన్సర్లు ఎక్కడ పెట్టాలి?

ఉష్ణోగ్రత సెన్సర్ నేల నుంచి 1.5 మీటర్ల ఎత్తులో, ఎండ పడని గోడకి, టీవీ, ఏసీ గాలికి దూరంగా. దాని వెనుక పైపు మూతిని సీలంట్‌తో మూయండి. లేకపోతే పైపులోంచి వచ్చే చల్లగాలినే అది కొలుస్తుంది, గది ఉష్ణోగ్రతను కాదు. చలనాన్ని పట్టే పీఐఆర్ సెన్సర్ తనకి అడ్డంగా నడిచేవాళ్లను బాగా చూస్తుంది, ఎదురుగా వచ్చేవాళ్లను ఆలస్యంగా. కదలకుండా చదువుకునే చోటుకి ప్రెజెన్స్ సెన్సర్ కావాలి. గాజు తలుపు అవతలి కదలికను పీఐఆర్ చూడలేదు, కాబట్టి గాజు స్నానపు గది ఉన్నచోట ఇంకో సెన్సర్‌కి కేబుల్ వేయండి.

గేటు, తోటకి బస్సు కేబుల్ తీసుకెళ్లొచ్చా?

తీసుకెళ్లొచ్చు, కానీ వేరే లైన్‌గా, లైన్ కప్లర్‌తో (రెండు లైన్ల మధ్య సందేశాలను దాటించే పరికరం), సర్జ్ ప్రొటెక్షన్‌తో (హఠాత్తుగా పెరిగే వోల్టేజి నుంచి రక్షణ). బయటి సెన్సర్ విప్పిన ఎవరికైనా బస్సు అందుతుంది. కప్లర్‌లో వడపోత పెడితే లోపలి తలుపులు, అలారంకి సందేశాలు పంపలేరు. పిడుగుపాటుకి వచ్చే సర్జ్ ఇంటి లోపలి పరికరాలన్నింటినీ ఒకేసారి పాడుచేయగలదు.

ప్లాస్టరింగ్‌కి ముందు ఏం పరీక్షించాలి?

పరికరాలేవీ కలపకముందే మెయిన్స్ కేబుళ్లను 500 వోల్టుల మెగ్గర్‌తో (ఇన్సులేషన్ నిరోధం కొలిచే మీటర్‌తో) చూడండి, కనీసం 1 మెగాఓమ్ రావాలి. కొత్త కేబుల్ బాగుంటే దానికన్నా చాలా ఎక్కువే వస్తుంది. 2 మెగాఓమ్‌లు చూపిస్తే పాస్ అయిందని వదలకండి, ఎక్కడో తొడుగు చీరుకుంది లేదా తడి చేరింది. బస్సు కేబుల్‌కి 250 వోల్టులు, ఎర్త్‌కి సంబంధించి కనీసం 500 కిలోఓమ్‌లు. క్యాట్ కేబుళ్లను ఎనిమిది వైర్లూ చూపించే టెస్టర్‌తో.

ఆ తర్వాత బస్సుకి తాత్కాలికంగా పవర్ సప్లై కలిపి చిట్టచివరి బాక్స్‌లో వోల్టేజి కొలవండి. పరికరాలన్నీ కలిపాక కూడా అక్కడ 21 వోల్టులకి తగ్గకూడదు. ఎరుపు, నలుపు తారుమారైతే పరికరం పాడవదు గానీ దాని ప్రోగ్రామింగ్ బటన్ నొక్కితే ఎల్ఈడీ వెలగదు.

ప్రతి గోడనీ కొలత టేపు ఆనించి ఫోటో తీయండి. రేపు బొమ్మ తగిలించడానికి డ్రిల్ చేసేవాళ్లకి అదే మ్యాప్.

సర్వర్ లేదా ఇంటర్నెట్ పోతే ఇల్లు చీకటేనా?

కేఎన్ఎక్స్‌లో కాదు. తెలివి ప్రతి పరికరంలోనూ ఉంటుంది. స్విచ్ పంపిన సందేశం నేరుగా యాక్చుయేటర్‌కి చేరుతుంది. ఫోన్ యాప్, వాయిస్, టైమర్ల లాంటివి మాత్రమే హోమ్ అసిస్టెంట్ లాంటి సర్వర్ మీద ఆధారపడాలి. అన్నీ ఒకే కంట్రోలర్ మీద నడిచే వ్యవస్థ ఎంచుకుంటే అది పోయిన రోజు అన్నీ పోతాయి, కాబట్టి బదులు కంట్రోలర్, బ్యాకప్ సిద్ధంగా ఉంచుకోవాలి. ఏ వ్యవస్థ అయినా చేత్తో నడిపే మీట ఉన్న యాక్చుయేటర్లే కొనండి. కరెంటు పోయి తిరిగొచ్చినప్పుడు ప్రతి చానల్ ఏ స్థితిలోకి రావాలో అమర్చండి. లేదంటే అర్ధరాత్రి ఇల్లంతా ఒక్కసారిగా వెలగొచ్చు. పొగ అలారాలు మాత్రం సొంతంగా, వేరుగా పనిచేయాలి. ఆటోమేషన్‌కి సమాచారం ఇస్తే చాలు.

ఒకటి రెండు గదులే బాగుచేయిస్తున్నాం. ఏం చేయగలం?

ఆ గదులకి పూర్తి వైరింగ్ చేసి, ఫాల్స్ సీలింగ్‌లో తెరిచే తలుపున్న చోట చిన్న ప్యానెల్ పెట్టండి. దాన్నుంచి ప్రధాన ప్యానెల్ దాకా ఒక బస్సు కేబుల్, ఒక ఖాళీ పైపు వేస్తే మిగతా గదులు తర్వాత కలుస్తాయి. ముట్టుకోని గదుల్లో పాత పైపు అడ్డంకి లేకుండా ఉంటే ప్రతి స్విచ్ బాక్స్‌కీ న్యూట్రల్ లాగించండి. స్మార్ట్ రిలేలు చాలావరకు న్యూట్రల్ లేకుండా పనిచేయవు. ఆ రిలేలకి 47 మి.మీ. లోతున్న బాక్స్ కావాలి, పాత లోతు తక్కువ బాక్సులో స్విచ్ వెనుక అవి పట్టవు.

పని అయ్యాక ఇన్‌స్టాలర్ నుంచి ఏం తీసుకోవాలి?

ఈటీఎస్ (కేఎన్ఎక్స్ పరికరాలను ప్రోగ్రామ్ చేసే సాఫ్ట్‌వేర్) ప్రాజెక్ట్ ఫైలు, దాని పాస్‌వర్డ్. ఇది లేకపోతే ఒక బటన్ పని మార్చాలన్నా కొత్త ఇన్‌స్టాలర్ చాలావరకు మొదటినుంచీ ప్రోగ్రామ్ చేయాల్సి వస్తుంది. సురక్షిత మోడ్‌లో ఉన్న కేఎన్ఎక్స్ పరికరాల క్యూఆర్ స్టిక్కర్లు కూడా. వీటితో పాటు సర్క్యూట్ల జాబితా, ప్యానెల్ డ్రాయింగ్, మెగ్గర్ రీడింగులు, గోడల ఫోటోలు. చివరి వాయిదా చెల్లించడం వీటన్నింటినీ అందుకున్నాకేనని ఒప్పందంలో మొదటే రాసుకోండి. ఫైలుని ఇంకో ల్యాప్‌టాప్‌లో తెరిపించి చూసుకోండి.